పాత సీడీ ఉండగా రీమాస్టర్ మళ్ళీ కొనాలా వద్దా

రీమాస్టర్డ్ అనే స్టిక్కర్ చూసి డబ్బులు పెట్టబాకండి, అట్టాగని పాతదే గొప్ప అని మొండికేసి కూర్చోబాకండి. ఏ టేపులోంచి తీశారు, తీసినాక సౌండు ఎంత పెంచారు, మీ దగ్గర లేని మ్యూజిక్ ఏమన్నా అందులో ఉండాదా, ఈ మూడూ తెలిస్తే చాలు, కొనేదా వద్దా అనేది దానంతట అదే తేలిపోతాది. నేనుండేది నెల్లూరులో, సినిమా మ్యూజిక్ అంటే ప్రాణం, మా బాబాయి కొడుకు కావలి నుంచి ఫోన్ చేసి "అన్నా, మనకిష్టమైన ఆల్బమ్ మళ్ళీ వేశారంట, ఆర్డర్ పెట్టేదా" అని అడిగినప్పుడల్లా ముక్కలు ముక్కలుగా చెప్తా ఉంటా, ఈసారి మొత్తం ఒకచోట రాస్తా ఉండా.

ముందు మీకు అమ్మేది ఏందో చూసుకోవాలి, ఎందుకంటే నాలుగు రకాల సరుకు ఒకే పేరుతో అమ్ముతా ఉంటారు. నికార్సయిన రీమాస్టర్ అంటే, పాట మిక్సింగ్ అయిపోయి చివరికి రెండు ట్రాకుల టేపు మీదకి దిగుతాది కదా, ఆ టేపునే మళ్ళీ బయటికి తీసి మంచి మెషీన్ మీద ఆడించి డిజిటల్ చేసి, బాస్ ట్రెబుల్ కాస్త సర్ది, హిస్ అనే టేపు సుయ్‌మనే శబ్దం తగ్గించి, లెవెల్ చూసి ఇచ్చేది. గొంతు ఎంత ముందుండాలి, వయొలిన్లు ఎంత వెనకుండాలి అనేది అందులో మారదు. రీమిక్స్ అయితే అట్టా కాదు, వాయిద్యాలు విడివిడిగా ఉండే మల్టీట్రాక్ టేపు తీసుకుని మొత్తం మళ్ళీ కలుపుతారు, మీరు ముప్పై ఏళ్ళుగా విన్న తబలా ఒక్కసారిగా ఎడమ చెవిలోంచి మధ్యకి వచ్చేస్తాది. మూడోది కొత్తగా ఎవురితోనో వాయించి రికార్డ్ చేసింది. నాలుగోది పాత మోనో ట్రాకుని, అంటే అన్నీ ఒకే ట్రాకులో కలిసి ఉండేదాన్ని, సాఫ్ట్‌వేర్‌తో విడగొట్టి స్టీరియో అనీ, చుట్టూ వినిపించే 5.1, అట్మాస్ అనీ చేసింది. వీటిల్లో మొదటిదానికే నేను రీమాస్టర్ ధర ఇస్తా, మిగతావి వేరే వస్తువులు, వినాలనిపిస్తే వినండి గానీ మీ పాత డిస్క్ బదులు అవి కొనబాకండి.

దీనికి బయటి దేశంలో జరిగిన కథ ఒకటి చెప్పాలి. బ్లేడ్ రన్నర్ సినిమా 1982లో వచ్చింది, మ్యూజిక్ వాంజెలిస్. అప్పుడు ఆయన సొంత రికార్డింగ్ బయటికి రాలేదు, బదులుగా వేరే ఆర్కెస్ట్రా వాళ్ళు వాయించిన రికార్డు అమ్మారు, అసలు ఆల్బమ్ అధికారికంగా రావడం 1994లో. 2007లో పాతికేళ్ళ సందర్భంగా 3 సీడీల సెట్ వేశారు. అంటే 1982 రికార్డు ఉన్నోడికి 1994ది కొనడం ఖచ్చితంగా అవసరం, అది వేరే రికార్డింగే కాబట్టి. 1994ది ఉన్నోడు 2007 సెట్ కొనాలా అంటే, అదనంగా వచ్చిన మ్యూజిక్ కావాలనుకుంటేనే. మనకి కూడా 90ల్లో జంకార్ బీట్స్ అని పాత పాటల మీద కొత్త డ్రమ్స్ కొట్టిన కేసెట్లు విపరీతంగా వచ్చాయి, అవి ఇప్పుడు ఎంత బాగా శుభ్రం చేసి ఇచ్చినా నాకొద్దు.

మాయాబజార్ సంగతే చూడండి, 1957 సినిమా, 2010 జనవరి 30న రంగుల్లో డీటీఎస్ సౌండుతో మళ్ళీ రిలీజ్ చేశారు. హాల్లో పిల్లల్ని కూర్చోబెట్టి చూపించేదానికి అది మంచి పనే, కొత్తతరం చూసింది. కానీ ఆ రోజుల్లో మ్యూజిక్ ఎట్టా చేశారు, గొంతుకి వాయిద్యానికి మధ్య ఎంత జాగా వదిలారు అనేది వినాలనుకుంటే మాత్రం మోనోనే వినాలి. మోనోని శుభ్రంగా మోనోగానే ఇచ్చిన డిస్క్ కనిపిస్తే ధర చూడకుండా తీసుకోండి, అట్టాంటివి తక్కువ.

ఇక టేపు విషయం. మన పాత సినిమాల పాటలు ఎక్కువ భాగం మద్రాసులోనే రికార్డయినాయి, టేపులూ చాలావరకు అక్కడే ఉండిపోయినాయి, ఆ ఊరి గాలి సంగతి మనకి చెప్పక్కర్లేదు, మన కోస్తా గాలే అది, ఉప్పు, తేమ. 70ల్లో 80ల్లో వచ్చిన టేపుల్లో కొన్ని రకాలకి, పైన ఉండే అయస్కాంత పొడిని పట్టుకుని ఉండే జిగురు తేమ పీల్చి బంకగా అయిపోతాది, మెషీన్ మీద ఆడిస్తే హెడ్‌కి అంటుకుని పొడి రాలిపోతాది. వాటిని 50 డిగ్రీలు దాటిన వేడిలో కొన్ని గంటలపాటు ఓవెన్‌లాంటి దాంట్లో పెట్టి, ఆరినాక ఒకటి రెండు సార్లు ఆడించుకుని డిజిటల్ చేసుకోవాలి. ఇది ఖర్చు, ఓపిక, తెలిసిన మనిషి, మూడూ కావాల్సిన పని. ఈ పని చేసినోడు బుక్‌లెట్‌లో చెప్పుకుంటాడు, ఏ టేపు, ఏ స్టూడియో, ఎవురు మాస్టరింగ్ చేశారు అని పేర్లతో. ఏ పేరూ లేకుండా ఒట్టి రీమాస్టర్డ్ అని మాత్రమే ఉంటే నేను నమ్మను, అసలు టేపు దొరక్క పాత సీడీలోంచో ఎల్పీలోంచో తీసుంటారు, జిరాక్స్‌కి జిరాక్స్ తీసినట్టు.

బుక్‌లెట్ లేకపోతే మీరే చూసుకునే దారి ఉండాది. కంప్యూటర్‌లో స్పెక్ అనే ఫ్రీ సాఫ్ట్‌వేర్ వేసుకుని ఫైలు అందులోకి లాగండి, కింద తక్కువ శబ్దాలు పైన ఎక్కువ శబ్దాలు రంగుల్లో చూపిస్తాది. టేపులోంచి వచ్చింది అయితే పైకి పోయేకొద్దీ రంగు మెల్లమెల్లగా పలచబడతాది. సరిగ్గా 16 కిలోహెర్ట్జ్ దగ్గర కత్తితో కోసినట్టు గీత కనిపిస్తే అది ఎప్పుడో 128 కేబీపీఎస్ ఎంపీ3 అయ్యుండాది, దాన్నే మళ్ళీ పెద్ద ఫైలుగా మార్చి అమ్ముతా ఉండారన్నమాట. హైరెస్ అని 24 బిట్ 96 కిలోహెర్ట్జ్ అని చెప్పి ఎక్కువ డబ్బులు తీసుకున్న ఫైల్లో 22 కిలోహెర్ట్జ్ దాటి ఏమీ లేకుండా నల్లగా ఉంటే, సీడీ ఫైలునే సాగదీశారు. ఇది చూసేదానికి రెండు నిమిషాలు పట్టదు, కొనేముందు కుదరకపోతే ఒక పాట కొనుక్కుని చూసి అప్పుడు ఆల్బమ్ తీసుకోండి.

ఇప్పుడు అసలైంది, సౌండు పెంచే జబ్బు. 90ల చివర్నించి ప్రపంచం మొత్తం సీడీలు ఒకదానికంటే ఒకటి గట్టిగా మోగాలని పోటీ పడినాయి. డిజిటల్‌లో పైన ఒక గోడ ఉంటాది, దాన్ని దాటి సౌండు పోలేదు, కాబట్టి గట్టిగా వినిపించాలంటే ఎత్తుగా లేచే శబ్దాల తల నొక్కేసి, మెల్లగా ఉండేవాటిని పైకి లాగాలి. చిందులేసే పాటకి అది చెల్లుతాదేమో గానీ సినిమా మ్యూజిక్‌కి అదే చావు, ఎందుకంటే దాని ప్రాణమంతా మెల్లగా మొదలై పైకి లేవడంలో ఉండాది. గీతాంజలి (1989) తీసుకోండి, ఇళయరాజా గారు గుండె చప్పుడునే తాళంగా పెట్టిన పాట ఉండాది కదా, మా నెల్లూరు బాలుగారూ జానకిగారూ పాడింది. ఆ చప్పుడు లోపల్నించి మెత్తగా రావాలి, వాళ్ళ గొంతులు దానిపైన తేలతా పోవాలి, గొంతు ఆగిన జాగాలో ఊపిరి వినపడాలి. అట్టాంటి పాటని గట్టిగా నొక్కి ఇస్తే చప్పుడు, గొంతు, వయొలిన్లు అన్నీ ఒకే ఎత్తులో వచ్చి మీ ముఖం మీద నిలబడతాయి, మొదటి నిమిషం అబ్బ ఎంత క్లియర్‌గా ఉండాది అనిపిస్తాది, మూడో పాటకి చెవి అలిసిపోయి ఆపేస్తారు, ఎందుకు ఆపారో కూడా మీకు తెలీదు. హిస్ తీసేసేదాంట్లో కూడా ఇదే ప్రమాదం, టేపు సుయ్‌మనే శబ్దంతో పాటు వేణువులో గాలి, తంబురా చివర, పాట అయిపోయినాక గదిలో మిగిలే గుంయ్ అన్నీ పోతాయి. నా వరకు, కాస్త హిస్ ఉన్నా గాలి ఉండే రికార్డింగే కావాలి.

పోల్చేటప్పుడు ఒక్క జాగ్రత్త తీసుకోకపోతే మిగతా కష్టమంతా దండగ, రెండిటి వాల్యూమ్ సమానం చేసి వినండి. కాస్త గట్టిగా ఉన్నదే బాగున్నట్టు అనిపించడం చెవికి పుట్టుకతో వచ్చిన గుణం. కంప్యూటర్ ఉంటే ఫూబార్2000 అనే ప్లేయర్‌లో రెండు ఫైళ్ళకీ, వాల్యూమ్ సమానం చేసే రీప్లేగెయిన్ లెక్క కట్టించి వినండి, దానికి ఏబీఎక్స్ అనే టెస్టు ప్లగిన్ విడిగా వేసుకోవచ్చు, ఏది ఏదో చెప్పకుండా వినిపిస్తాది, అందులో మీరు తేడా పట్టలేకపోతే ఇక ఆ కొత్త డిస్క్ ఆలోచన వదిలేయచ్చు. మెల్లని శబ్దానికీ గట్టి శబ్దానికీ మధ్య ఎంత తేడా ఉండాదో నంబర్‌గా చూపించే డీఆర్ మీటర్ అనే ప్లగిన్ కూడా వేసుకోండి, ఆర్కెస్ట్రా ఉండే ఆల్బమ్‌కి 12, 13 పైన వస్తే బాగున్నట్టు, పాతది 13 చూపించి కొత్తది 7 చూపిస్తే నేనైతే అక్కడితో ఆపేస్తా. ఒకటి గుర్తుపెట్టుకోండి, ఎల్పీలోంచి రికార్డ్ చేసిన ఫైలుకి ఆ మీటర్ ఉన్నదానికంటే ఎక్కువ నంబర్ చూపిస్తాది, కాబట్టి ఎల్పీ నంబర్‌ని సీడీ నంబర్‌తో పోల్చబాకండి. కంప్యూటర్ లేనోళ్ళు ఇంట్లో ఎవురినన్నా వాల్యూమ్ సర్ది, ఏది పెట్టారో చెప్పకుండా మార్చి మార్చి పెట్టమనండి, అదీ చాలు.

కొనకుండా వినే దారి స్ట్రీమింగ్, ముందు అక్కడే వినండి. యాపిల్ మ్యూజిక్ 2021 జూన్ నుంచి లాస్‌లెస్, అంటే సౌండు ఏమీ పోకుండా ఉండే ఫైలు, ఇస్తా ఉండాది, వేరే డబ్బులు అడగదు. స్పాటిఫైలాంటివి అన్ని పాటల సౌండూ ఒక మట్టానికి తెస్తాయి, సుమారు మైనస్ 14 లఫ్స్ (సౌండు గట్టితనం కొలిచే లెక్క), కాబట్టి గట్టిగా నొక్కిన రీమాస్టర్ అక్కడ కిందకి దిగిపోయి పాతదాని పక్కన చప్పగా వినిపిస్తాది, పోల్చుకునేదానికి అది మంచి చోటు. బ్లూటూత్ ఇయర్‌బడ్స్‌తో వింటా హైరెస్ కొనడం మాత్రం డబ్బు తగలేయడమే, గాల్లో పోయేటప్పుడు సౌండు మళ్ళీ కుదించబడతాది. ఆ డబ్బుతో వైరు ఉండే మంచి హెడ్‌ఫోన్ కొనుక్కోండి, మీ దగ్గరున్న పాత సీడీలన్నీ ఒకేసారి కొత్తగా వినిపిస్తాయి.

స్ట్రీమింగ్‌లో నాకు బాధ కలిగించే సంగతి ఒకటి ఉండాది. కొత్త మాస్టర్ రాగానే పాతదాన్ని చెప్పాపెట్టకుండా తీసేసి దాని జాగాలో కొత్తది పెట్టేస్తారు. అప్పుడు పాత మాస్టర్ మిగిలేది మన బీరువాల్లోనే. అందుకే కొత్తది కొన్నా కొనకపోయినా పాత సీడీ ఎవురికీ ఇచ్చేయబాకండి. 90ల్లో వచ్చిన సీడీల్లో చాలావాటికి ఎవురూ పెద్దగా ఏమీ చేయలేదు, టేపు ఆడించి ఎక్కించేశారు, ఆ చేయకపోవడమే ఇప్పుడు వరమయింది. సీడీ కవరు వెనక ఏఏడీ అని ఉంటే రికార్డింగ్, మిక్సింగ్ రెండూ టేపు మీదే జరిగినాయని అర్థం, డీడీడీ అంటే మొత్తం డిజిటల్. సీడీని లైటుకి ఎదురుగా పట్టుకుని లేబుల్ వైపు నుంచి చూడండి, సూదితో పొడిచినట్టు చిన్న చిన్న చుక్కల్లోంచి వెలుతురు వస్తా ఉంటే లోపల మెరిసే అల్యూమినియం పొర పోతా ఉండాది, అంచు దగ్గర గోధుమ రంగు కమ్మినా అంతే. మైపాడు, కొత్తపట్నం వైపు సముద్రం దగ్గర ఇళ్ళల్లో ఇంకా జాగ్రత్తగా ఉండాలి. వెంటనే ఎగ్జాక్ట్ ఆడియో కాపీ అనే సాఫ్ట్‌వేర్‌తో రిప్ చేసి, అంటే పాటలు కంప్యూటర్‌లోకి ఎక్కించి, ఫ్లాక్ ఫైళ్ళుగా పెట్టుకోండి, అందులో ఒక్క బిట్ కూడా పోదు. రిప్‌లో తప్పులొచ్చి చదవకపోతే, అప్పుడు మళ్ళీ కొనడం న్యాయం, కానీ ముందు అదే పాత సీడీ సెకండ్‌హ్యాండ్‌లో దొరుకుతాదేమో డిస్కాగ్స్ అనే వెబ్‌సైట్‌లో చూడండి, రీమాస్టర్ దాని తర్వాత.

మీ దగ్గర ఉండేది కేసెట్టే అయితే ఈ లెక్కలేమీ వద్దు, కొత్తది కొనేయండి. ట్రంకు రోడ్డులో లిస్టు రాసిచ్చి 90 నిమిషాల కేసెట్లో పాటలు ఎక్కించుకున్న కాలం మనందరిదీ, ఆ కేసెట్ల మీద ఎంత ప్రేమున్నా అవి కాపీకి కాపీ, పైగా ఎక్కించిన డెక్కు స్పీడు తేడాగా ఉంటే శ్రుతి కూడా మారిపోయుంటాది. మామూలు రీమాస్టర్ కూడా దానికంటే ఎన్నో రెట్లు నయం.

ఎల్పీ గురించి నన్ను తిట్టుకోబాకండి. ఇప్పుడు వేసే ఎల్పీల్లో చాలావాటికి డిజిటల్ ఫైలు నుంచే గాడి కోస్తారు, అంటే అదే రీమాస్టర్ ఎల్పీ రూపంలో వస్తాది, టేపులోంచి నేరుగా కోసుంటే వాళ్ళే పెద్దగా చెప్పుకుంటారు. 180 గ్రాములు అనేది బరువు, సౌండు కాదు. ఒక్కో వైపు 20 నిమిషాల దగ్గర ఉంటే బాగుంటాది, గంట ఆల్బమ్‌ని ఒకే డిస్క్‌లో ఇరికించి ఉంటే లెవెల్ తగ్గిపోయి లోపలి గాడుల్లో గొంతు చీలతాది, రెండు డిస్కుల సెట్ ఉంటేనే చూడండి. పైగా మన ఎండలు ఉండాయి, రోహిణి కార్తెలో ఒంగోలు, నెల్లూరు రోడ్ల మీద డెలివరీ వ్యాన్‌లో నాలుగు గంటలున్న ఎల్పీ వంకర తిరిగి రావచ్చు, నాకట్టా వచ్చింది, అమ్మినోళ్ళతో మార్పిడికి నానా తిప్పలు పడ్డా. ఏప్రిల్, మే నెలల్లో ఎల్పీ ఆర్డర్ పెట్టబాకండి. పాత ఒరిజినల్ ఎల్పీనే కావాలంటే పినాకిని రైల్లో చెన్నై పోయి సెంట్రల్ పక్కన మూర్ మార్కెట్ అంగళ్ళల్లో చేత్తో పట్టుకుని, వెలుతురులో గీతలు చూసి తెచ్చుకోవడం నాకు ఇష్టం. కవరు, పెద్ద బొమ్మ, చేతిలో బరువు కోసం కొంటానంటే అది మంచి కారణమే, అప్పుడు సౌండు లెక్కలు పక్కన పెట్టి సంతోషంగా కొనండి.

రీమాస్టర్‌కి నేను ఏ వాదనా లేకుండా డబ్బులిచ్చే సందర్భం ఇంకోటి ఉండాది, ఇంతకుముందు బయటికి రాని మ్యూజిక్ అందులో ఉన్నప్పుడు. అమెరికాలో లా-లా ల్యాండ్ రికార్డ్స్, ఇంట్రాడా లాంటి చిన్న కంపెనీలు ఇదే పనిగా పెట్టుకున్నాయి, సినిమాలో వినిపించి ఆల్బమ్‌లో లేని ముక్కలన్నీ వెతికి, వరసలో పెట్టి, వాటి కథ బుక్‌లెట్‌లో రాసి వేస్తాయి. టైటానిక్‌కి జేమ్స్ హార్నర్ చేసిన మ్యూజిక్ 1997లో ఒక సీడీగా వచ్చింది, 2017లో ఇరవై ఏళ్ళకి 4 సీడీలుగా వేశారు. అది మళ్ళీ కొనడం అనను నేను, మొదటిసారి పూర్తిగా కొనడం. మన తెలుగులో పాత ఆల్బమ్ అంటే పాటలే, బీజీఎం, అంటే సీన్ల వెనకొచ్చే మ్యూజిక్, విడిగా దాదాపు వేయలేదు, అందుకే ఇష్టమున్నోళ్ళు డీవీడీలోంచి, టీవీలోంచి కోసి దాచుకుంటా ఉంటారు. ఆ కోసుకున్నవాటిల్లో కొన్నిటికి ఒక తిరకాసు ఉండాది, సెకనుకి 24 ఫ్రేముల సినిమాని పాల్ అనే టీవీ పద్ధతిలో 25కి పరిగెత్తిస్తారు, దాంతో 4 శాతం వేగం పెరిగి శ్రుతి దాదాపు ముప్పావు అర్ధస్వరం పైకి పోతాది. ఫోన్లో ట్యూనర్ పెట్టి చూడండి, పాత డిస్క్‌లో పాట శ్రుతికీ ఇక్కడి శ్రుతికీ తేడా తెలిసిపోతాది. ఎవురైనా అసలు టేపుల్లోంచి మన సినిమాల బీజీఎం సరైన శ్రుతిలో వేస్తే, సౌండు కాస్త అటూఇటూ ఉన్నా కొనండి, మనం కొంటేనే రెండోది వేస్తారు.

బయటి దేశం నుంచి తెప్పించుకునేటప్పుడు డిస్క్ ధర మీద పోస్టేజీ, దాని మీద కస్టమ్స్ కలుపుకుని లెక్కేయండి, చాలాసార్లు డిస్క్ కంటే అవే ఎక్కువైతాయి, ఇద్దరు ముగ్గురు కలిసి ఒకే పార్సెల్‌లో తెప్పించుకుంటే పోస్టేజీ తగ్గుతాది. లిమిటెడ్ ఎడిషన్ అని తొందర పెడితే కంగారు పడబాకండి, నిజంగా తక్కువ వేసేవాళ్ళు ఎన్ని కాపీలో ముందే చెప్తారు. పార్సెల్ వచ్చినాక విప్పేటప్పుడు వీడియో తీసుకోండి, ఎల్పీ అయితే బల్ల మీద పెట్టినప్పుడు సమంగా ఆనకుండా ఊగతా ఉందేమో చూసి, సీడీ అయితే మొదటిరోజే చివరి ట్రాక్ దాకా ఆడించి, వాపసు ఇచ్చే గడువు లోపలే తేల్చుకోండి.